రూట్ పాస్‌వర్డు అవ్వ బొడ్లో ఉండేది

మొన్న ఆదివారం కామాటిపుర వెళ్లాను. ఒంటిగది కాపురాల మా పాత చాల్‌ని కూలగొట్టి దాని స్థానంలో పెద్ద మేడ కడతారట, పాత కాగితాలన్నీ తీసి సిద్ధంగా పెట్టుకోమన్నారట, ఒకసారి వచ్చి పొమ్మని అన్నయ్య ఫోన్ చేశాడు. ఈ కబురు నాకు కొత్త కాదు. నేను పలక పట్టిన నాటి నుంచీ మా చాల్ రేపో మాపో కూలబోతూనే ఉంది. కూలగొట్టేవాళ్లు రాక, కట్టేవాళ్లు రాక, తనంతట తాను కూలడానికి మొహమాటపడి, నాలుగు ఊతకర్రల మీద చేరగిలబడి అలాగే నిలబడింది. ఈ ఊళ్లో ఇటుక మీద ఇటుక పేర్చిన కామాటీల మనవలం మేము. మా నెత్తిమీది కప్పు కారకుండా చూసుకోవడం మాత్రం మాకు ఇప్పటికీ చేతకాలేదు. అన్నయ్య ఇనుప పెట్టె తెరిచి కిరాయి పావతుల, అంటే అద్దె రసీదుల, కట్ట బయటికి తీశాడు. అన్నీ మా ముత్తాత పేరుమీదే ఉన్నాయి. ఆయన పోయి ఎన్నాళ్లయిందో ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు గాని, ఇంటి యజమాని దృష్టిలో మాత్రం ఆయన నిక్షేపంగా బతికి ఉన్నాడు. పేరు మార్చమని తాత అడిగాడు, నాయన అడిగాడు, అన్నయ్య అడిగాడు. దానికేం భాగ్యం, ముత్తాతను తీసుకొచ్చి సంతకం పెట్టించండి అన్నారు.

మేమిలా పావతులు దులుపుతుంటే, అన్నయ్య కూతురు స్వాతి గడప దగ్గర లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పళ్లు నూరుతోంది. కాలేజీలో కంప్యూటర్ చదువుతోంది. పోయిన వారమే అందులో లినక్స్ వేసుకుంది. అందరూ వాడే విండోస్ వాడితే వాళ్ల క్లాసులో పరువు తక్కువట.

“అత్తా, ఇది జరా చూడు,” అంది. “ప్యాకేజీ మేనేజర్ ఇన్‌స్టాల్ చేస్తుంటే పర్మిషన్ డినైడ్ అంటుంది. సుడో పెట్టి చేస్తే, రూట్‌గా నడపొద్దని తిడుతుంది. అట్ల చేసినా తిట్లే, ఇట్ల చేసినా తిట్లే. లాప్‌టాప్ నాది, నాకే పర్మిషన్ లేదా?”

లినక్స్ తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. అందులో రూట్ అంటే ఇంటి యజమాని. మనం రోజూ పనిచేసుకునే పేరు కిరాయిదారు. మన ఖోలీలో, అంటే మన గదిలో, మనం వండుకోవచ్చు, తినొచ్చు, పడుకోవచ్చు. గోడకు మేకు కొట్టాలంటే మాత్రం యజమానిని అడగాలి. సుడో అనే మాట ముందు చేర్చి పాస్‌వర్డ్ కొడితే, ఆ ఒక్క పనికి యజమాని అధికారం మన చేతికొస్తుంది. ఇక ప్యాకేజీ మేనేజర్ అంటే మా భాషలో మేస్త్రీ. గోడ కట్టాలని చెబితే చాలు. ఇటుకలవాణ్ని, ఇసుకవాణ్ని, సున్నం కలిపేవాళ్లను, అందరినీ తనే వెంటబెట్టుకొస్తాడు. స్వాతి గొడవల్లా ఏమిటంటే, ఆ మేస్త్రీ లోపలికి రావడానికే గుమ్మం దగ్గర అనుమతి దొరకలేదు.

ఇంతలో నెట్‌లో ఎవరో పుణ్యాత్ముడు చెప్పిన మందు ఆ పిల్లకు దొరికింది. ప్రోగ్రాములన్నీ కాపురముండే యూఎస్సార్ అనే ఫోల్డరును, దాని పిల్లాజెల్లా సమేతంగా, నీ పేరుమీదికి మార్చేసుకో, పీడా వదులుతుంది అని సలహా. అది ఎత్తి తన తెరమీద అతికించి, ఎంటర్ మీద వేలు పెట్టింది. “ఆపవే!” అని నేను అరిచిన అరుపుకు పక్క ఖోలీ ఆమె గరిటెతో సహా గ్యాలరీలోకి వచ్చింది. ఆమెకు ఏం చెప్పను? ఇరవై ఏళ్ల కింద ఈ వేలు నాది, ఈ ఆజ్ఞా నాదే, అరవడానికి మాత్రం అప్పుడు పక్కన ఎవరూ లేరు.

అప్పట్లో ఈ ఖోలీ అవ్వ రాజ్యం. అవ్వ అంటే మా నాయన తల్లి. నల్లా వచ్చే వేళకు లేచి, నీళ్లు పట్టి, కిరసనాయిలు స్టవ్ మీద జొన్నరొట్టెలు కాల్చి, ఎల్లిపాయకారం నూరి, ఆ తర్వాత గ్యాలరీలో కాళ్లు చాపుకుని కూర్చుని మిశ్రీ, అంటే కాల్చిన పొగాకు పొడి, చిగుళ్లకు రాసుకునేది. కిరసనాయిలు, మాడిన రొట్టె, మిశ్రీ కలిసిన వాసన ముక్కుకు తగిలితే తెల్లవారినట్టు. ఆమె బొడ్లో చావిల గుత్తి, అంటే తాళంచెవుల గుత్తి, ఒకటి ఎప్పుడూ దోపుకుని ఉండేది. నడిస్తే మోగేది, వంగితే గుచ్చుకునేది, గుచ్చుకున్నప్పుడల్లా మమ్మల్ని తిట్టేది. అన్ని చావిల్లో ఒక్కటీ మాది కాదు. మా ఖోలీకి పగలు తాళం వేసే అలవాటే లేదు. ఎత్తుకుపోవడానికి ఏముందని దొంగలకూ మాకూ ఒక ఒప్పందం. ఊరికి పోయినవాళ్ల చావులు, ఛీ, చావిలు, భజన మండలి హార్మోనియం పెట్టె చావి, డాబా తలుపు చావి, అన్నీ అవ్వకు ఒప్పజెప్పి పోయేవాళ్లు.

అన్నిటికన్నా పెద్దది గిన్నెల గదిది. కింద మెట్ల పక్కన చీకటి గది. అందులో గంగాళాలు, దేగిశలు, నా అంత పొడుగు గరిటెలు. వెనకటి మేస్త్రీలు కూడబలుక్కుని కొన్నవి. చాల్‌లో ఎవరింట్లో పెళ్లయినా చావయినా అవే వాడాలి. ఎవరికైనా గిన్నె కావాలంటే మూడో అంతస్తుకు ఎక్కివచ్చి, ఏ గిన్నో పేరు చెప్పాలి. అవ్వ మోకాళ్లు పట్టుకుని కిందికి దిగి, తాళం తీసి, ఆ ఒక్క గిన్నె చేతికిచ్చి, తాళం వేసి, రెండుసార్లు గుంజి చూసి, మళ్లీ మూలుగుతూ పైకి ఎక్కేది. చావి ఇస్తే మేమే తెచ్చుకుంటాం గదా అని జాలిపడిన వాళ్లకు ఒకటే జవాబు: “గిన్నె అడుగు. చావి అడగకు.” ఇంతకన్నా పెద్ద వేడుక మా ఇంట్లోనే ఉండేది. మాకే గంగాళం కావలసి వస్తే, చావి బొడ్లో పెట్టుకుని కూడా అవ్వ తనంతట తాను తీసేది కాదు. పక్క ఖోలీ నుంచి ఒకరిని, కింది నుంచి ఒకరిని పిలిపించి, మా తరఫున వాళ్లచేత అడిగించేది. వాళ్లు అడిగేవాళ్లు, ఈమె కాసేపు ఆలోచించేది, తర్వాత పెద్దమనసు చేసుకుని ఒప్పుకునేది. చదువుకుంటున్న పిల్లను కదా, నాకు ఈ నాటకం చూస్తే ఒళ్లు మండేది.

ఆ చదువుకుంటున్న పిల్ల సాయంత్రాలు నాగ్‌పాడాలో సలీం భాయ్ దుకాణంలో పెళ్లి కార్డులు టైపు చేసేది. సలీం భాయ్ పెద్ద మనిషి, అన్ని విధాలా పెద్ద. దుకాణంలో సగం ఆయనే ఉండేవాడు. దొంగ విండోస్ వాడే దుకాణాల మీద దాడులు జరుగుతున్నాయని పుకారు పుట్టి, భయపడి లినక్స్ వేయించుకున్నాడు. వేసినవాడు మా చాల్ నర్సింగ్. వేసి, నాకు సుడో వాడుకునే హక్కు ఇచ్చి, నాలుగు నెలలు తిరక్కముందే దుబాయ్ వెళ్లిపోయాడు. ఆ మిషన్ సంగతి తెలిసినవాళ్లు నాగ్‌పాడా మొత్తంలో ఇక నేనొక్కదాన్నే అని నా నమ్మకం. సలీం భాయ్ కూడా పాపం అదే నమ్మాడు.

అదే రోజుల్లో మా పద్మత్తకు సంబంధం కుదిరింది. పద్మత్త నాయన చెల్లెలు, ముప్పై దాటింది. ఎన్నో సంబంధాలు వచ్చి, ఇల్లెక్కడ అని అడిగి, కామాటిపుర అని వినగానే, పక్క సందుల్లోని సానివాడ గుర్తొచ్చి, అదోరకంగా నవ్వి వెళ్లిపోయాయి. మహబూబ్‌నగర్ వైపు వాళ్లు ఒక్కరే నవ్వకుండా ఒప్పుకున్నారు. వాళ్లలో పెళ్లికొడుకు పెద్దనాన్న ఒకాయన ఉన్నాడు. అలగడమే ఆయన వృత్తి. శుక్రవారం పొద్దుటికల్లా మొదటి కార్డు చేతికి రాకపోతే మాట లేనట్టే అనుకొమ్మన్నాడు. గురువారం అయిదింటి బస్సుకు నాయన కార్డులు తీసుకుని బయలుదేరాలి. పెళ్లిళ్ల కాలం, వేరే ప్రెస్సులు వారం లేనిదే మాట్లాడటం లేదు. ఇంట్లో కంప్యూటర్ మనిషి ఉండగా బయటివాళ్ల కాళ్లెందుకు పట్టుకోవాలి అని ఛాతీ చరిచింది నేనే.

గురువారం పొద్దున దుకాణంలో పాత ప్రింటర్ ప్రాణం విడిచింది. సలీం భాయ్ లామింగ్టన్ రోడ్డుకు పోయి ఇంకొకటి తెచ్చాడు. దానికి ఒక ప్రోగ్రాము కావాలంది. ఆ ప్రోగ్రాము ఇంకోటి కావాలంది. ఆ ఇంకోటి వెనక పెళ్లివారిలా బంధుబలగం. వీళ్లందరినీ ఒక్కొక్కరినే పిలవడం నా వల్ల కాదని, పత్రికతో వచ్చిన సీడీలో ప్యాకేజీ మేనేజర్ ఉంటే దాన్ని ఎక్కించబోయాను. పర్మిషన్ డినైడ్. ముందు సుడో చేర్చి ఉంటే అయిపోయేది. నాకు తెలియని మాట కూడా కాదు. అయితే ఆ క్షణంలో నాకు కనబడింది ముత్తాత పేరున్న పావతి. నాలుగు తరాలుగా ఉంటున్న ఇంట్లో గోడకు మేకు కొట్టే హక్కు లేదు. కనీసం ఈ మిషన్‌లోనైనా అడుక్కునే కర్మ ఎందుకు? అంతా నా పేరుమీదికి మార్చేస్తే శాశ్వతంగా గొడవ వదులుతుంది. చాల్‌లో పుట్టినవాళ్లకు తప్ప ఇంకెవరికీ రాని బుద్ధి ఇది. సుడో పెట్టి యూఎస్సార్ మొత్తాన్నీ నా పేరుమీద రాసేసుకున్నాను. తెర మీద కర్సరు మెరుస్తుంటే, మా వంశంలో మొదటి ఇంటి యజమానురాలినని కాసేపు నిజంగానే పొంగిపోయాను.

ఆ వైభవం రెండు నిమిషాలు. తర్వాతి పనికి సుడో అంటే, సుడో పలకనంది. సుడో ప్రోగ్రాము కూడా ఆ ఫోల్డరులోనే కాపురముంటుంది. దానికి యజమాని రూట్ అయి ఉండాలి, నువ్వు కాదు, కాబట్టి నేను పనిచేయను అని తెర మీద మర్యాదగా రాసింది. పోనీ ఎవరి ఇల్లు వాళ్లకే తిరిగి ఇచ్చేద్దామంటే, ఇవ్వడానికీ రూట్ సంతకం కావాలి. అన్నీ నావే, ఒక్కటీ నా మాట వినదు. గడియారం చూస్తే పన్నెండున్నర. నేరుగా రూట్ పేరుతోనే లోపలికి పోతే తప్ప దారి లేదు. ఆ పాస్‌వర్డ్ నర్సింగ్‌కు తెలుసు, నర్సింగ్ దుబాయ్‌లో ఉన్నాడు.

సలీం భాయ్ తల గోక్కుని, “నర్సింగ్ బోల్‌కే గయా థా,” అన్నాడు. “కాగజ్ తుమ్హారీ అవ్వకే పాస్ హై.”

నిజమే. ఊరు విడిచిపోయే ప్రతివాడూ చావి ఎవరికిచ్చి పోతాడు? వాడు దుకాణం వాళ్లకు ఇవ్వలేదు, నాకు ఇవ్వలేదు. పాస్‌వర్డ్ రాసిన కాగితాన్ని అక్షరం ముక్క రాని అవ్వకు ఇచ్చాడు. పరుగెత్తాను.

“అవ్వా, నర్సింగ్ ఇచ్చిన కాగితం ఇయ్యి. జల్ది!”

“ఎందుకే?”

“మిషిన్ ఖరాబైంది. తెరవాలంటే అది కావాలె.”

“మిషిన్ ఎవరిది?”

“సలీం భాయ్‌ది.”

“మరి నువ్వెందుకడుగుతున్నవ్? ఆయన్నొచ్చి అడుగుమను.”

“అవ్వా, పద్మత్త పెండ్లి కార్డులు! అయిదింటికి నాయన బస్సు!”

“నాకెరుక లేదా? నా బిడ్డ పెండ్లే. గందుకే ఆయన్నే రమ్మను.”

పద్మత్త మూల కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతోందని గడప దాటాక నాకు తట్టింది. అవ్వ మీద అంత కోపం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. సొంత మనవరాలిని, సొంత కూతురి పెళ్లి, అయినా సరే గిన్నెల గది చట్టమే.

సలీం భాయ్ వచ్చాడు. మూడంతస్తులు ఎక్కడానికి ఆయనకు పట్టిన సమయంలో ఇంకో పెళ్లి కుదిరి ఉండేది. గుమ్మంలో గోడ పట్టుకుని ఊపిరి తీసుకుని, “అమ్మా, మిషన్ మేరా హై. కాగజ్ దే దో,” అని పద్ధతిగా అడిగాడు.

“నై దేతీ,” అంది అవ్వ, చెప్పులు వేసుకుంటూ. “మై ఆతీ.” కాగితం ఇవ్వదట, తనే వస్తుందట.

కామాటిపుర నుంచి నాగ్‌పాడా ఎంత దూరం! అవ్వతో నడిస్తే అదే కాశీయాత్ర. దారిలో ప్రతి దుకాణంవాడూ ఎక్కడికమ్మా అని అడగడం, ఈమె ఆగి నిదానంగా చెప్పడం. నేను ముందు నడుస్తూ, వెనక్కి వస్తూ, మళ్లీ ముందుకు పోతూ వాళ్లిద్దరికన్నా రెట్టింపు నడిచాను.

దుకాణంలో అవ్వ బొడ్లోంచి మడత కాగితం తీసి, సలీం భాయ్‌ని కుర్చీలో కూర్చోబెట్టింది. నన్ను చూసి, “నువ్వు అటు తిరుగు,” అంది.

“నేనెందుకు? కంప్యూటర్ నాకొస్తది గాని ఆయనకొస్తదా?”

“తిరుగంటున్న గదా.”

గోడకు తగిలించిన క్యాలెండర్ వైపు తిరిగాను. నాకు ఏడుపొచ్చింది, కళ్లు తుడుచుకోవడానికి కూడా మొహమాటమేసింది. వెనక అవ్వ కాగితం పట్టుకుంటే, సలీం భాయ్ ఒక వేలితో ఒక్కో అక్షరం వెతికి కొడుతున్నాడు. లినక్స్‌లో పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద చుక్క కూడా పడదు. “కుఛ్ దిఖ్‌తాచ్ నై!” అని ఆయన గగ్గోలు. కనబడదు భాయ్, కొట్టండి అని నేను క్యాలెండర్‌కు చెబుతున్నాను. మూడోసారికి తెరుచుకుంది. అవ్వ కాగితాన్ని మడిచి బొడ్లో దోపుకుంది.

“ఇగ ఇటు తిరుగు. ఏమేం ఖరాబు చేసినవో అంత మంచిగ చెయ్యి. నేనిక్కడ్నే కూసుంట.”

స్టూలు మీద కూర్చుని నా చేతులనే చూస్తూ ఉంది. ఏ వస్తువు ఎవరిదో వాళ్ల పేరుకు మార్చే ఆజ్ఞ ఒకటుంది, ఎవరికి ఎంత హక్కో తిరిగి పెట్టే ఆజ్ఞ ఇంకొకటి. నేను తొందరలో ముందు హక్కులు సరిచేసి తర్వాత పేర్లు మార్చాను. సుడో మళ్లీ మొండికేసింది. యజమాని పేరు మారితే దాని ప్రత్యేక హక్కు రద్దయిపోతుందట, పుస్తకంలో రాసే ఉంది, చదివే ఓపిక ఎవరికుంది? ఈసారి ముందు పేర్లు, తర్వాత హక్కులు. సుడో లేచి కూర్చుంది. ప్యాకేజీ మేనేజర్‌ను పొద్దున్నే ఎక్కించవలసిన పద్ధతిలో, ఆ ఒక్క పనికి మాత్రం సుడో అడిగి ఎక్కించాను. మేస్త్రీ లోపలికొచ్చాడు, తన మనుషులను తెచ్చుకున్నాడు, ప్రింటర్ గొంతు సవరించుకుంది.

“అయిందా?” అంది అవ్వ.

“అయింది.”

“మరి మూసెయ్.”

రూట్ నుంచి బయటికి వచ్చాను.

“మల్ల తెరుచుకుంటదా చూడు,” అంది. తాళం గుంజి చూడటమన్నమాట. సుడో లేకుండా యూఎస్సార్‌లో ఏదో రాయబోయాను. పర్మిషన్ డినైడ్. ఏమన్నదో చెప్పాను. “ఆఁ, గిప్పుడు మంచిగున్నది,” అని లేచి, ఎవరి సాయమూ లేకుండా ఇంటికి నడిచి వెళ్లిపోయింది.

తడి ఆరని కార్డుల కట్ట ఒళ్లో పెట్టుకుని నాయన కదులుతున్న బస్సెక్కాడు. శుక్రవారం పొద్దున కార్డు అందింది. పెళ్లికొడుకు పెద్దనాన్న దాన్ని తిప్పి తిప్పి చూసి, అక్షరాలు చిన్నగా ఉన్నాయని అలిగాడట. అది అలగడానికి చాలింది గాని, పెళ్లి ఆపడానికి చాలలేదు. పద్మత్త వెళ్లిపోయేటప్పుడు ఒక కార్డు తన పెట్టెలో పెట్టుకుంది. నేను మాత్రం నాలుగు రోజులు అవ్వతో మాట్లాడలేదు. అయిదో రోజు రొట్టె నా కంచంలో వేస్తూ తనే అంది: “నీ మీద నమ్మకం లేక కాదే పిల్లా. చావి నీ దగ్గరుంటే, రేపు ఏది పోయినా నీ దిక్కే చూస్తరు.” నేను రొట్టె తిన్నాను గాని ఆ మాట మింగలేదు. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు, అన్నీ తెలిసిన వయసు.

ఇప్పుడు నేను కంపెనీలో సర్వర్లు చూసుకుంటాను. రూట్ అడిగిన ప్రతివాడికీ ఏ పని కావాలో చెప్పు, చేసిపెడతాను అంటాను. నా వెనక నన్ను ఏమంటారో నాకు తెలుసు. గిన్నెల గది ముందు అవ్వను నేను అనుకున్నవే. గిన్నెలు మాత్రం లేవు. గదిని ఎవరో ఫోన్ల మరమ్మతు దుకాణం చేశారు, పెళ్లిళ్లకు క్యాటరింగువాళ్లు తమ గిన్నెలతోనే దిగుతారు, ఎవరినీ అడిగే పనిలేదు. అందరికీ అంతా తెరిచే ఉంది, ప్రతి గుమ్మానికీ పగలే తాళం ఉంది. దీన్ని అభివృద్ధి అంటారు. అవ్వ మంచాన పడ్డాక, ఎవరి చావి వాళ్లకు పిలిచి ఇప్పించింది. కాగితం సలీం భాయ్ చేతికి చేరింది. చివరికి ఆమె నడుము దగ్గర ఏమీ లేకపోతే నాకు చూడబుద్ధి కాలేదు. బయటికి వెళ్లి గ్యాలరీలో నిలబడ్డాను.

స్వాతి ఇంకా ఎంటర్ మీద వేలు పెట్టుకుని, మూతి ముడుచుకుని చూస్తోంది. “మరి ఏం చేయాలి?” అంది.

“మొత్తం ఇల్లు రాయించుకోకు. ఆ మేస్త్రీ ఉండటానికి ఒక్క కొత్త ఫోల్డరు చెయ్యి. సుడోతో చెయ్యి. అదొక్కటే నీ పేరుమీదికి మార్చుకో. తర్వాత సుడో లేకుండా, నీ పేరుతోనే వాణ్ని పిలువు, వస్తాడు.”

“అంతేనా?”

“అంతే. గిన్నె అడుగు.”

ఆ చివరి మాట దానికి అర్థం కాలేదు, అడగనూ లేదు. చెప్పినట్టే టైపు చేసింది. లాప్‌టాప్ పాస్‌వర్డ్ అడిగింది. దాని వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. అవ్వను చూడని పిల్ల. ఆమె పోయిన తర్వాతే పుట్టింది. నా భుజం మీదుగా తొంగిచూస్తున్న నా మొహాన్ని చూసింది, తెరను కొంచెం తనవైపు వంచుకుంది.

“అత్తా, నువ్వు అటు తిరుగు.”

అన్నయ్య ఏదో అనబోతుంటే చెయ్యెత్తి ఆపాను. పెచ్చులూడిన గోడవైపు తిరిగి, మళ్లీ ఇటు తిరగమని స్వాతి అనే దాకా బుద్ధిగా నిలబడ్డాను.